పెదనాన్న కారు మీద బరకం

బరకం అంటే ఏమిటో మా మేనల్లుడికి తెలియదు. అది వాడి తప్పేమీ కాదు. బెజవాడలో నాలుగో అంతస్తులో పుట్టి పెరిగినవాడికి వడ్ల కుప్పల మీదా, వేరుశనగ బస్తాల మీదా కప్పే మందపాటి ముతక పట్టాతో పనేముంటుంది? పోయిన ఆశ్వయుజంలో నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తుఫాను వస్తోందని టీవీలో ఒకటే ఊదరగొడుతున్నారు. వాడు ఆఫీసు మానేసి మరీ కింద కారు దగ్గర చేరాడు. సబ్బు నురగతో కడిగాడు, తుడిచాడు, చిన్న డబ్బాలోంచి మైనం లాంటిదేదో తీసి పూశాడు, అది ఆరేదాకా కాచుకుని మెరుగు పెట్టాడు, చివరికి పసిపిల్లకి గౌను తొడిగినట్టు వెండిరంగు తొడుగు ఒకటి తొడిగాడు. నేను కుర్చీ వేయించుకుని ఆ వైభోగమంతా చూస్తూ కూర్చున్నాను. పైకి వచ్చాక కాఫీ తాగుతూ అడిగాడు. "అత్తా, మన పెద్ద తాతయ్యకి ఆ రోజుల్లోనే కారుండేదటగా? వానాకాలం రంగు పోకుండా ఏం పూసేవాళ్ళు?"

"ఆముదం," అన్నాను.

వాడూ, వాడి పెళ్ళామూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "తలకి రాసుకునే ఆముదమేనా?" అంది ఆ పిల్ల. "తలకీ అదే, కడుపుకీ అదే, కారుకీ అదే," అన్నాను. నేనూ నవ్వాను. మా ఇంట్లో ఎవరు ఆ కారు గురించి అడిగినా నేను చెప్పేది అక్కడిదాకానే. అది నవ్వుకోవడానికి బాగుండే సగం. విస్సన్నపేటలో మా ఇంటికి తిరిగి వచ్చాక రెండో సగం నన్ను పట్టుకుని వదలడం లేదు. అది తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. నేను కూడా పోతే అది ఎవరికీ తెలియకుండా పోతుంది. అలా పోవడం నాకు ఇష్టం లేదు.

మాది తిరువూరులో నూనె మిల్లు. మా తాతల నాడు ఎద్దు గానుగ, పెదనాన్న, నాన్నల చేతికి వచ్చాక ఇంజను మిల్లు. ఇల్లు మిల్లుకి వెనకాల ఉండేది. అన్నం తిన్నా, నిద్రపోయినా, జ్వరం వచ్చి పడుకున్నా అదే వాసన: వేరుశనగ పిండి, తెలకపిండి, కాగిన ఆముదం. గడపలూ స్తంభాలూ చేతులు తగిలి తగిలి నల్లగా జిడ్డుదేరి ఉండేవి. మా ఇంట్లో పుట్టిన పిల్లలు ముందు జారిపడటం నేర్చుకుని తరువాత నడక నేర్చుకునేవాళ్ళని అమ్మ అంటుండేది. దేనికైనా మాకు మందు నూనే. తలుపు కిర్రుమంటే నూనె, గొడుగు తెరుచుకోకపోతే నూనె, ఎద్దు కొమ్ములకి నూనె, పిల్లకి కడుపునొప్పి వస్తే నోరు నొక్కిపట్టి మరీ ఆముదం. వానాకాలం వస్తోందంటే ఇంట్లో కర్రదీ ఇనపదీ ఏదీ వదిలేవాళ్ళు కాదు. మృగశిర కార్తెలో ఒకసారి, దసరా వెళ్ళాక తుఫానుల ముందు ఇంకోసారి, గుడ్డ పీలికలు ముంచి వరసబెట్టి పట్టించేవాళ్ళు. "నూనె పట్టిన వస్తువు మీద నీళ్ళు నిలుస్తాయా?" అనేవాడు పెదనాన్న. చెప్పి ఊరుకోకుండా, నూనె పట్టించిన తలుపు మీద చెంబుతో నీళ్ళు పోసి, అవి బొట్లు బొట్లుగా జారిపోతుంటే మా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ తలుపులు నా పెళ్ళినాటికీ చెక్కుచెదరలేదు.

పెదనాన్నకి పిల్లలు లేరు. పెద్దమ్మ నాకు ఊహ తెలిసేనాటికే మంచం మీద ఉండేది. నెమలి ఊళ్ళో గోపాలస్వామి గుడికి కార్లో వెళ్ళాలని ఆవిడకి సరదా. ఎవరో జమీందారు గారి కారు ధూళి రేపుకుంటూ వెళ్ళడం ఒకసారి చూసిందట. ఆవిడ బతికుండగా ఎద్దుబండిలో తప్ప వెళ్ళడం పడలేదు. ఆవిడ పోయిన మరుసటి ఏడు పెదనాన్న బెజవాడ వెళ్ళి కారుతో తిరిగొచ్చాడు. ఎవరో దొర కొన్నాళ్ళు వాడుకుని అమ్మేసిన బండి. నల్లగా, నిగనిగలాడుతూ, బాగా పండిన నేరేడుపండు లాగా ఉండేది. ఊళ్ళో పిల్లలంతా దాని పక్కన నిలబడి మొహాలు చూసుకునేవాళ్ళు. అందులో మన మొహం సాగిపోయి కనపడేది. మొదటి ప్రయాణం నెమలికే. పక్క సీటులో పెద్దమ్మ పసుపు రంగు పట్టుచీర మడతపెట్టి పెట్టుకుని వెళ్ళాడు పెదనాన్న. ఇది చెప్పకుండా దాటేస్తే ఆయనకి అన్యాయం చేసినదాన్నవుతాను. ఆయన రాక్షసుడు కాదు. ఆ కారుని కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నాడంటే దానికి కారణం ఉంది.

చూసుకోవడమంటే మామూలుగానా! కారెక్కే ఆడవాళ్ళు ముందుగా గాజులు మోచేతిదాకా నెట్టుకోవాలి, తలుపుకి గీత పడుతుందని. ఉంగరాలు తీసి కొంగున కట్టుకోవాలి. పొద్దున్నే కోళ్ళు దాని మీదికి ఎక్కకుండా కాపలా. కాకి రెట్ట వేస్తే ఎండేలోగా తడిగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. ఎ.కొండూరు రోడ్డు మీద ఎర్రమట్టి పడితే ఇంటికి రాగానే అన్నం కూడా తినకుండా దాన్ని కడిగేవాడు. కడుగుతూ దానితో మాట్లాడేవాడు. ఏం మాట్లాడేవాడో నేను వినలేదు, దగ్గరికి పోతే ఆపేసేవాడు. రంగు అనేవాడు కాదు, ఒళ్ళు అనేవాడు. "ఒళ్ళు వెచ్చగా ఉంది, నీడకి తొయ్యండి," అనేవాడు. డ్రైవరు నవ్వు ఆపుకుంటూ నీడకి తోసేవాడు.

ఇంకొక్క సంగతి చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. మా ఇళ్ళల్లో కోడలు బావగారి ఎదుట పడేది కాదు, ఆయనతో నోరు విప్పి మాట్లాడేది కాదు. మా అమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ పెదనాన్నతో ఒక్క ముక్క మాట్లాడి ఎరగదు. ఇద్దరికీ మధ్య తపాలా నేను. అమ్మ తలుపు వెనక నిలబడి, "రాజ్యం, మీ పెదనాన్నగారు భోజనానికి లేస్తారేమో అడుగు," అనేది. పెదనాన్న తలుపుకి ఇవతల, రెండడుగుల దూరంలో ఉండేవాడు. ఆ మాట ఆయనకి శుభ్రంగా వినపడేది. అయినా నేను ఆయన వైపు తిరిగి, "పెదనాన్నా, భోజనానికి లేస్తారా అని అమ్మ అడుగుతోంది," అని చెప్పేదాకా ఆయన చెవిటివాడే. "స్నానం చేసి వస్తానని మీ అమ్మతో చెప్పు," అనేవాడు. అమ్మకీ వినపడేది. నేను మళ్ళీ ఇటు తిరిగి అప్పజెప్పాలి. ఒక్కోసారి విసుగుపుట్టి ఊరుకునేదాన్ని. అప్పుడు ఇద్దరూ నా మొహం చూస్తూ నిలబడేవాళ్ళు తప్ప, కదిలేవాళ్ళు కాదు.

కారు కొన్న కొన్నేళ్ళకి ఒక దీపావళికి డ్రైవరు తన ఊరు వెళ్ళి తిరిగి రాలేదు. నాన్న మిల్లు పని మీద బెజవాడ వెళ్ళాడు. గాలి తూర్పుకి తిరిగి, ఆకాశం సీసం రంగులోకి మారగానే పెదనాన్న కారుకి నూనె పట్టించడం మొదలుపెట్టాడు. అంతకుముందు వానాకాలాల్లో పొడిగుడ్డతో తుడిచి ఊరుకునేవాడు. ఈసారి మంచి ఆముదం, మడ్డి లేకుండా వడగట్టి, గోరువెచ్చగా చేయించి, పెద్దమ్మ పాత చీర గుడ్డలు ముంచి, టాపు మీద నుంచి చక్రాల దాకా తన చేత్తోనే పట్టించాడు. నీళ్ళు చల్లి చూపించాడు. బొట్లు బొట్లుగా జారిపోయాయి. తరువాత బెజవాడ నుంచి ప్రత్యేకంగా తెప్పించిన కొత్త బరకం కప్పి, కొబ్బరితాళ్ళతో ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ లాగి కట్టాడు. పాకలో నిలబెట్టిన కారు, పురికొసతో కట్టిన పొట్లంలా అయిపోయింది. పాకకి గోడలు లేవు. నాలుగు గుంజలూ తాటాకు కప్పూ అంతే.

నాగమ్మ మా ఇంట్లో వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేది, పేడకళ్ళు తీసేది, అంట్లు తోమేది. ఊరవతల గూడెంలో ఉండేది. గలగలా మాట్లాడే మనిషి. తెల్లవారుతూనే గేటు దగ్గర నుంచే కబుర్లు మొదలుపెట్టేది. ఆమెకి ఒక్కతే కూతురు మంగ. తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. దీపావళి అయ్యాక ఆడపిల్ల పుట్టింది. "మా ఇంటికి లచ్చిందేవి వచ్చిందమ్మగారూ! ముక్కు అచ్చం నాదే, బండముక్కు. పెళ్ళెట్టా అవుద్దో ఏమో!" అని నాగమ్మ పెరట్లో నిలబడి పకపకా నవ్వింది. అమ్మ వెల్లుల్లీ, సొంఠీ, చిన్న గిన్నెడు నువ్వులనూనే ఇచ్చి పంపింది. నాకు ఆ పసిపిల్లని చూడాలని ఉండేది. గూడేనికి వెళ్తానంటే వీపు చీరేస్తానంది అమ్మ.

తరువాత ముసురు పట్టింది. సముద్రం మాకెక్కడో దూరం. అయినా బందరు దగ్గర తుఫాను తీరం దాటిందంటే దాని తోక మా మెట్ట ఊళ్ళ మీద కూడా ఝాడించి పోతుంది. మొదట సన్నగా, విసుగుపుట్టించేలా కురిసింది. కట్టెలు తడిసి ఇంటి నిండా పొగ. ఆరేసిన బట్టలు ఆరకుండా ముక్కిన వాసన కొట్టేవి. చారూ, కాల్చిన అప్పడం, గోంగూర పచ్చడి, మళ్ళీ అవే. మిల్లు ఆగిపోయింది. అలవాటైన ఇంజను చప్పుడు లేకపోతే చెవులు పోయినట్టుండేది. వాగులు పొంగి రోడ్డు తెగిందని, నాన్న బెజవాడలోనే చిక్కుబడిపోయాడని ఎవరో చెప్పారు. ఆ మర్నాటికి గాలి వచ్చింది. అది మామూలు గాలి కాదు. మిల్లు మీద రేకులు లేచి టపటపా కొట్టుకుంటుంటే కూలీలంతా సరుకు తడవకుండా మిల్లు బరకాలన్నీ బస్తాల మీద కప్పి, వాటి మీద తామే కూర్చున్నారు. పెదనాన్న మాత్రం అరుగు మీద నుంచి కదల్లేదు. కారు పాక మీద తాటాకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే, ప్రతి ఆకుకీ ఆయన ఉలిక్కిపడుతున్నాడు.

పొద్దెక్కాక నాగమ్మ వచ్చింది. మనిషి నిలువునా తడిసిపోయి ఉంది. వెనక పెరటి గుమ్మంలోకి కాకుండా సరాసరి ముందు వాకిట్లోకే వచ్చింది. అలా ఎప్పుడూ రాదు.

"అమ్మగారూ, మా ఇంటి కప్పు లేచిపోయిందమ్మా," అంది. "గోడలు నిలబడే ఉన్నయ్యి. పైన ఏదన్నా కప్పుకుంటే చాలు. మంగ పచ్చి బాలింత. పసిగుడ్డు తడిసి నీలంగా అయిపోతా ఉంది. బడికాడికి తీసుకుపోతే పురిటి మైలని వరండా ఎక్కనియ్యలేదు. ఆ కారు మీద బరకం ఇప్పించండమ్మా. ముసురు తగ్గంగానే ఉతికి ఆరేసి తెచ్చి ఇస్తా."

అమ్మ తలుపు వెనకాలే ఉంది. అరుగు మీద పెదనాన్న ఉన్నాడు. నాగమ్మ చెప్పింది ఇద్దరూ విన్నారు. నేను ఇద్దరికీ మధ్య గడప మీద నిలబడ్డాను, ఎప్పటిలాగే.

"రాజ్యం," అంది అమ్మ. "మీ పెదనాన్నగారితో చెప్పు. నాగమ్మ ఇంటి కప్పు పోయిందట. కారు మీది బరకం ఇస్తే పసిపిల్ల ప్రాణం నిలబడుతుందేమో అడుగు."

నేను చెప్పాను. పెదనాన్న నా వైపు చూసి, "ఆ బరకం తీస్తే కారుకి ఒళ్ళు మిగలదని మీ అమ్మతో చెప్పు. పాక కూడా లేచిపోతోంది, కనపడటంలా?" అన్నాడు.

నేను ఇటు తిరిగి చెప్పాను.

"కారుకి ఆముదం పట్టించారు గదా అని అడుగు. నూనె పట్టిన వస్తువు మీద నీళ్ళు నిలవవని ఆయనే అంటారు గదా."

అమ్మ చాలా మామూలుగా అడిగింది. ఆ మాట నేను ఆయన వైపు తిరిగి పూర్తిగా అనేలోగానే పెదనాన్న ఒంటికాలి మీద లేచాడు. "నూనె సంగతి మీ అమ్మ నాకు చెప్పేదేంటి! పుట్టినప్పటి నుంచీ నూనెలో ఉన్నవాణ్ణి నేను. గాలికి ఇసక లేస్తోంది. ఇసక కొడితే నూనె ఆపుద్దా అని అడుగు."

"పోనీ గొడ్ల చావిట్లో ఓ మూలన ఉండమందాం అని చెప్పు."

"కార్తీకమాసంలో ఇంట్లోకి పురిటి మైలా? గోపూజ చేసే చోటా? మీ అమ్మకి మతుండే మాట్లాడుతోందా అని అడుగు."

ఇదంతా నా నోటి మీదుగానే నడిచింది. ఇటు తిరగడం, చెప్పడం, అటు తిరగడం, చెప్పడం. ఒక్కో మాట రెండేసి సార్లు పలకాల్సి వస్తోంది. వాకిట్లో నాగమ్మ ఆ రెండు సార్లూ వింటూ వానలో నిలబడే ఉంది. అక్కడ ఒక పసిపిల్ల తడుస్తోంది, ఇక్కడ మేం మర్యాద పాటిస్తున్నాం. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు అమ్మ తలుపు వెనక నుంచి బయటికి వచ్చింది. తలమీది కొంగు కూడా సరిచేసుకోలేదు. అరుగు మీద పెదనాన్న ఎదురుగా నిలబడింది.

"బావగారూ," అంది. "పచ్చి బాలింతండీ. పసిగుడ్డండీ."

అంతే అంది. పెదనాన్న మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. ఆయనకి కోపం వచ్చిందో, సిగ్గేసిందో నాకు తెలియదు. గోడనే చూస్తూ, "రాజ్యం, మీ అమ్మని లోపలికి వెళ్ళమను," అన్నాడు.

ఆ మాట నేను మోయలేదు. మొయ్యాల్సిన పని కూడా లేకపోయింది.

"పోతానమ్మగారూ, పిల్ల ఒక్కతే ఉంది," అంది నాగమ్మ. అమ్మ ఆమెని ఆగమని లోపలికి పరిగెత్తి చేతికి దొరికినవన్నీ తెచ్చింది. గోనెసంచులు, ఈతచాప, తన కంబళి, కుంపట్లోకి పిడకలు. నాగమ్మ అవన్నీ నెత్తిన పెట్టుకుంది. గేటు దాటేలోగానే గోనెలు తడిసి బరువెక్కి, ఆమె మెడ వంగిపోవడం కనిపించింది. ఆ రోజంతా గాలి తగ్గలేదు. అమ్మ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, వెలిగించకుండా చూస్తూ ఉండిపోయింది. నేను ఆకలి అన్నాను. కొట్టింది. తరువాత దగ్గరికి తీసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు మిల్లులో బస్తాలు మోసే సుబ్బయ్య అరుగు దగ్గరికి వచ్చి ఏదో పనిమాట చెబుతూ మధ్యలో, "నాగమ్మ మనవరాలు పోయిందండి, తెల్లారి. తల్లి ఒంటికి తగిలించుకునే కూచుందంట, ఏం లాభం, చలికి బిగుసుకుపోయిందంట," అన్నాడు.

"అయ్యో పాపం!" అన్నాడు పెదనాన్న. ఊరికే అనలేదు. ఆయన మొహం నిజంగానే పాలిపోయింది. తరువాత పాక వైపు చూసి, "గాలి ఇటు తిరిగేట్టుంది. ఆ వెనక చక్రం దగ్గర తాడు ఇంకో చుట్టు బిగించరా సుబ్బయ్యా," అన్నాడు. రెండూ ఒకే గొంతుతో అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ అర్థం కాదు. పిల్ల చచ్చిపోయిందని బాధపడినవాడూ, తాడు బిగించమన్నవాడూ వేరువేరు మనుషులైతే నాకు సుఖంగా ఉండేది. ఒకణ్ణి తిట్టుకుని ఒకణ్ణి ప్రేమించేదాన్ని.

ఆ రోజు నుంచి అమ్మ పెదనాన్నతో మాట్లాడటం మానేసింది. అసలు ఎప్పుడు మాట్లాడింది గనక, అంటారు. అదే నేను చెప్పేది. బావగారితో మాట్లాడని కోడలు మాట్లాడటం మానేస్తే ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? బెజవాడ నుంచి వచ్చిన నాన్నకి తెలియలేదు. చుట్టాలకి తెలియలేదు. ఊళ్ళో అందరూ మా అమ్మని ఎంత మర్యాదస్తురాలో అని మెచ్చుకుంటూనే ఉన్నారు. తెలిసింది నాకొక్కదానికే, ఎందుకంటే నాకు మొయ్యడానికి మాటలు లేకుండా పోయాయి. అన్నం వడ్డించి, పీట వాల్చి, మంచినీళ్ళు పెట్టి, అమ్మ లోపలికి వెళ్ళిపోయేది. భోజనానికి లేస్తారేమో అడుగు అనడం పోయింది. పెదనాన్న కాసేపు నా వైపు చూసేవాడు, ఏమన్నా చెబుతానేమోనని. నేను చెప్పేదేమీ ఉండేది కాదు. ఆయనే లేచి వెళ్ళి తినేవాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ అలాగే నడిచింది. ఆయన పోయినప్పుడు శవం పక్కన కూడా అమ్మ పెదవి కదపలేదు. అందరూ అదీ మర్యాదే అనుకున్నారు.

ఆ రోజుల్లో మనుషులకి జాలీ దయా ఉండేవని, ఇప్పుడు అన్నీ అడుగంటిపోయాయని నా ఈడువాళ్ళు పెళ్ళిపందిళ్ళలో కూర్చుని నిట్టూరుస్తుంటారు. వింటే నాకు నవ్వొస్తుంది, లేచి వచ్చేస్తాను. అలాగని ఇప్పుడేదో బాగుపడిపోయామని కూడా నేననను. మొన్న మా మేనల్లుడి అపార్టుమెంటు కింద తొడుగులు తొడుక్కున్న కార్లు వరసగా నిలబడి ఉంటే, వాటి పక్కనే మెట్ల కింద వాచ్‌మన్ పెళ్ళాం నీలం ప్లాస్టిక్ పట్టా ఒకటి కట్టుకుని, గాలికి అది లేచిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో అన్నం వారుస్తోంది. నేను చూశాను. మా వాడూ చూసే ఉంటాడు, రోజూ ఆ దారినే కదా పైకి వెళ్ళేది. తేడా ఏమిటంటే ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే ఏం వస్తుందో ఆమెకి ముందే తెలిసినట్టుంది. నేను పైకి వెళ్ళి చెబితే మా వాడు ఒక పాత తొడుగు తీసుకెళ్ళి ఇచ్చాడు. మంచి పిల్లాడే. చెప్పాల్సి రావడమే నాకు కష్టంగా ఉంది.

మా వాడే ఇంకో సంగతి చెప్పాడు. తడి ఆరకుండా తొడుగు వేస్తే రంగు చస్తుందట. తాళ్ళు బిగించి కడితే గాలికి గుడ్డ అదే చోట రాసుకుని రాసుకుని, కింద ఉన్న దుమ్ముతో రంగుని గీకేస్తుందట. నూనె సరేసరి, దుమ్మునంతా పట్టి ఉంచుతుంది, పాతకాలం రంగుల్ని మెత్తబరుస్తుంది. వాడు సరదాగా చెప్పుకుపోతుంటే నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ బరకం ఆ రోజు తీసి ఇచ్చేసి ఉంటే, కారు వానలో ఊరికే నిలబడి ఉంటే, దానికేమీ అయ్యేది కాదు. కారు గట్టి వస్తువు. వానలో నిలబడగలదు.

ముసురు విడిచి ఎండ కాశాక, నేల గట్టిపడేదాకా ఆగి, పెదనాన్న కారు విప్పాడు. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కొబ్బరికాయ కూడా తెచ్చుకున్నాడు. అప్పటిదాకా పనిలోకి రాని నాగమ్మ ఆ పొద్దున్నే వచ్చింది. గేటు దగ్గర ఏ కబురూ లేదు. వంచిన తల ఎత్తకుండా వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు కలుపుతోంది. అమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. నాగమ్మని చూడటానికి వచ్చిందిగానీ, కారుని కాదు.

తాళ్ళు బిగుసుకుపోయి ముళ్ళు రాలేదు. కత్తితో కోశాడు. బరకం ఒక కొస పట్టుకుని లాగాడు. రాలేదు. అంటుకుపోయి ఉంది. సుబ్బయ్య ఇంకో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గట్టిగా లాగేసరికి చిరచిరమని చప్పుడు చేస్తూ ఊడివచ్చింది. దాని లోపలి వైపంతా నల్లగా ఉంది. కారు టాపు మీద తెల్లటి బొబ్బలు, అట్టలు కట్టి లేచిపోయిన రంగు, తాడు వెళ్ళిన చోటల్లా ఇనుము కనపడేలా గీతలు. నూనెలో నానిన ఇసకా ఊకా పొక్కుల్లా పట్టేసి ఉన్నాయి. ముక్కిపోయిన ఆముదం వాసన గుప్పుమంది.

పెదనాన్న చేత్తో టాపుని తడిమాడు. అరచేతికి రంగు పెచ్చులుగా అంటుకుని వచ్చింది. దాన్ని చూసుకుంటూ చక్రం పక్కనే బురదలో కూలబడిపోయాడు. ఉతికిన పంచె, పెట్టుకున్న బొట్టు, ఏదీ చూసుకోలేదు. "పోయిందే! పోయింది! నా చేతులతో నేనే చేసుకున్నానే!" అని తల కొట్టుకుంటూ, అంత పెద్దమనిషీ చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. పెద్దమ్మ పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు. సుబ్బయ్య బరకం కొస పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నాగమ్మ పేడనీళ్ళ బకెట్ కింద పెట్టింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఎప్పుడూ నిలబడేంత దూరంలోనే, పాక అంచున వచ్చి నిలబడింది. ఆమె మొహంలో కోపం వెతికాను నేను. ఎత్తిపొడుపు వెతికాను. ఉంటే ఎంత బాగుండేది. ఏమీ లేదు. ఏడుస్తున్న మనిషిని చూసి జాలిపడుతున్న ఆడమనిషి మొహం, అంతే.

"ఊరుకోండి అయ్యగారూ," అంది. "రంగే గదండీ. మళ్ళీ ఏయించుకోవచ్చు."

పెదనాన్న కళ్ళు తుడుచుకుని తలెత్తి ఆమె వైపు చూశాడు.

"వేయించుకోవచ్చంటావా నాగమ్మా?"

"ఎందుకు ఏయించుకోలేరండీ," అంది నాగమ్మ.